పడేవాడే గురువు: జపాను యుద్ధవిద్యల్లో జోడీ ధర్మం

కర్నూలు, కడప జిల్లాల్లో ఏ టౌనుకు పోయినా, సాయంకాలం పూట ఏదో ఒక స్కూలు గ్రౌండులో తెల్ల దుస్తులు తొడుక్కొని, నడుముకు రంగు బెల్టులు కట్టుకొని, వరుసగా నిలబడి గాలిలో గుద్దులు గుద్దే పిల్లలు కనబడతారు. కరాటే మన సీమకు ఇప్పుడు కొత్త విద్య కాదు. జూడో కూడా స్కూలు ఆటల పోటీల్లో చేరింది. ఈ విద్యల మాట వచ్చినప్పుడు మనం వేసే మొదటి ప్రశ్న "ఎవరు గెలిచినారు?" అని. రెండో ప్రశ్న "ఏ బెల్టు?" అని. అవతల నిలబడి దెబ్బ కాచుకొన్నవాడు ఎవరు, కింద పడినవాడు చేసిన పని ఏమిటి అని అడిగేవాళ్ళు తక్కువ. అయితే జపాను దేశంలో ఈ విద్యలను తీర్చిదిద్దిన పెద్దలు ఆ రెండో మనిషిని గురించి చాలా ఆలోచన చేసినారు. ఆ ఆలోచన ఏమిటో, అది మన కాలేజీ విద్యార్థులకు ఎందుకు పనికివస్తుందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

జోడీకి పెట్టిన పేర్లు

జూడోలో ఎత్తి పడవేసేవానిని "తోరి" అంటారు. అనగా పట్టు తీసుకొనేవాడు. పడేవానిని "ఉకె" అంటారు. జపాను భాషలో "ఉకేరు" అంటే స్వీకరించడం, అందుకోవడం. గమనించండి. ఉకె అంటే ఓడిపోయినవాడు అని అర్థం కాదు. ఎదుటివాడు ఇచ్చినదాన్ని ఒంటితో అందుకొనేవాడు అని అర్థం. పడే పద్ధతికి కూడా ఇదే మాట నుంచి "ఉకెమి" అని పేరు వచ్చింది. ఐకిదోలో పడవేసేవానిని "నగె" అని కూడా అంటారు. పడేవాని పేరు మాత్రం అక్కడా ఉకె అనే.

కత్తిసాములో పేర్లు వేరు. ముందుగా కత్తి ఎత్తి కొట్టేవాడు "ఉచిదాచి". దానికి తగిన జవాబు చెప్పి గెలిచేవాడు "షిదాచి". ఈ పేర్లు పరీక్ష కోసం బట్టీ పట్టవలసిన పని లేదు. ఒక్క విషయం మనసులో పెట్టుకొంటే చాలు. సాధనలో ఇద్దరూ శత్రువులు కారు, ఇద్దరూ ఒకే పని చేయరు, ఒకరు లేకుండా రెండోవానికి విద్య రాదు. ఒంటి చేత్తో చప్పట్లు మోగవు అని మనవాళ్ళు అనే మాట ఇక్కడ అక్షరాలా నిజం.

పడడం కూడా విద్యే

జూడోను స్థాపించిన కానో జిగొరో (1860-1938) వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1882లో టోక్యోలోని ఎయిషోజి అనే బౌద్ధాలయంలో పన్నెండు చాపలు పరచిన చిన్న స్థలంలో, తొమ్మిది మంది శిష్యులతో "కొదొకాన్" అనే విద్యాలయం మొదలుపెట్టినాడు. అంతకుముందు జుజుత్సు అనే పాత కుస్తీ విద్యలో అపాయకరమైన పట్లు ఎన్నో ఉండేవి. వాటిలో ప్రమాదమైనవాటిని స్వేచ్ఛా సాధన నుంచి తీసివేసి, మిగిలినవాటిని చదువుకొనే పిల్లలు కూడా రోజూ అభ్యాసం చేయగలిగే విధంగా కానో క్రమపరచినాడు. ఆ క్రమానికి పునాది పడడం నేర్పడమే. జూడోలో చేరినవానికి మొదట నేర్పేది ఎత్తి వేయడం కాదు, పడడం.

వెల్లకిలా పడేటప్పుడు గడ్డాన్ని రొమ్ముకు ఆనించి, చూపు తన నడుము బెల్టు ముడి మీద పెట్టాలి. అప్పుడు తల వెనుక భాగం నేలకు తగలదు. చేతులు ఒంటికి మరీ దగ్గరగా గాక, మరీ దూరంగా గాక చాచి, అరచేయి నుంచి మోచేతి దాకా ఒక్కసారిగా చాపను చరచాలి. దాంతో పడిన అదురు ఒక్కచోట పడకుండా పంచుకొనిపోతుంది. ఊపిరి బిగబట్టకూడదు. పక్కకు పడడం, ముందుకు పడడం, భుజం మీదుగా దొర్లి లేవడం అన్నీ ఇట్లాగే విడివిడిగా నేర్చుకోవాలి.

పడేవానికి ఇంత పని ఉంటే, పడవేసేవానికి బాధ్యత లేదా? ఉంది. తోరి తన జోడీ చొక్కా చేతిని పట్టుకొనే ఉండి, వాడు నేలను తాకే క్షణంలో పైకి లాగాలి. ఆ లాగుడుతో పడేవాని తల నేల నుంచి తప్పుతుంది, ఒళ్ళు పక్కకు తిరుగుతుంది. తాను తూలి వాని మీద పడకూడదు. గొంతు పట్టులో గానీ, మోచేతి పట్టులో గానీ ఉన్నవాడు చేత్తో రెండుసార్లు తట్టినాడంటే, ఆ తట్టు వినబడిన తక్షణం వదలాలి. "ఇంకొంచెం ఓర్చుకోనీ" అనేదానికి అక్కడ తావు లేదు.

పెద్దవాడే ఓడిపోవాలి

జూడోలో "నగె నో కత" అనే సాధనా క్రమం ఒకటుంది. దానిలో 5 వర్గాలు, వర్గానికి 3 చొప్పున మొత్తం 15 ఎత్తివేతలు ఉన్నాయి. ఒక్కొక్కటి కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి చేయాలి. లెక్క వేసి చూడండి. క్రమం పూర్తయ్యేసరికి ఉకె 30 సార్లు పడతాడు. తోరిని ఉకె ఒక్కసారి కూడా పడవేయడు. చూసేవాళ్ళు తోరిని మెచ్చుకొంటారు. కానీ తెలిసినవాళ్ళ కండ్లు ఉకె మీద ఉంటాయి. వాడు సరైన దూరంలో నిలబడి, సరైన వేగంతో మీదికి రాకపోతే తోరి చేసే పట్టు ఒక్కటీ కుదరదు.

కత్తిసాములో ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనబడుతుంది. కెందో విద్యకు 1912లో ఏర్పరచిన సాధనా క్రమంలో పెద్ద కత్తితో 7, చిన్న కత్తితో 3, మొత్తం 10 ఘట్టాలు ఉన్నాయి. చెక్క కత్తులతో చేస్తారు. పదింటిలోనూ ముందు కొట్టేవాడు ఉచిదాచి, చివరకు గెలిచేవాడు షిదాచి. మరి ఈ ఉచిదాచి పాత్ర ఎవరు తీసుకొంటారు? కొత్తగా వచ్చిన కుర్రవాడు కాదు. గురువు గానీ, బాగా అనుభవం ఉన్న పెద్ద శిష్యుడు గానీ తీసుకొంటాడు. పాత కత్తిసాము సంప్రదాయాల్లో కూడా పద్ధతి ఇదే. అనగా తెలిసినవాడు ప్రతిసారీ ఓడిపోతాడు, తెలియనివాడు ప్రతిసారీ గెలుస్తాడు!

ఇది వింతగా తోచవచ్చు. ఆలోచిస్తే వింత లేదు. ఎప్పుడు కొట్టాలి, ఎంత దూరం నుంచి కొట్టాలి, ఎంత వేగంగా కొడితే ఈ పిల్లవానికి నేడు సరిపోతుంది, రేపు ఇంకొంచెం ఎంత పెంచాలి అనే లెక్క తెలిసినవానికే తెలుస్తుంది. కొత్తవాని చేతికి ఆ పాత్ర ఇస్తే తొందరపడి నిజంగానే దెబ్బ తీస్తాడు, లేకపోతే భయపడి వట్టి నటన చేస్తాడు. కొడుకు చేతిలో, శిష్యుని చేతిలో ఓటమి కోరుకోవాలని మన పెద్దలు కూడా అన్నారు గదా. జపాను వాళ్ళు ఆ కోరికను రోజువారీ పాఠంగా మార్చినారు.

మన సేద్యగాళ్ళకు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. కొత్త కోడెకు కాడి అలవాటు చేయాలంటే దాని పక్కన ఇంకొక కొత్త కోడెను కట్టరు. సాలు తెలిసిన పాత ఎద్దును కడతారు. కోడె ఎగిరినా, పక్కకు లాగినా పాత ఎద్దు తన నడక తప్పదు. నాలుగు రోజులకు కోడెకు ఆ నడక పట్టుబడుతుంది.

నిజమైన దాడి, అబద్ధపు దాడి

పెద్దవాడు ఓడిపోవాలి అన్నాం. అయితే ఊరికే ఓడిపోతే ప్రయోజనం లేదు. షిదాచి కదలకపోతే తలకు తగిలే విధంగా ఉచిదాచి కత్తి రావాలి. ముందే పక్కకు కొడితే, నిలబడినవాడు కదలకపోయినా దెబ్బ తగలదు. అప్పుడు వాడు నేర్చుకొన్నది శూన్యం. పైగా తనకు విద్య వచ్చిందనే భ్రమ ఒకటి మిగులుతుంది.

ఐకిదోలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఉయెషిబా మొరిహెయి (1883-1969) రూపొందించిన ఈ విద్యలో చాలా శాఖలకు పోటీలు లేవు. సాధారణంగా ఒకరు నాలుగుసార్లు పడవేసి, తర్వాత పాత్రలు మార్చుకొని నాలుగుసార్లు పడతారు. గెలుపోటములు లేని చోట, చేసిన పట్టు సరిగా కుదిరిందా లేదా అని చెప్పగలిగినవాడు ఉకె ఒక్కడే. వాడు మొహమాటానికి పడిపోతే అబద్ధం చెప్పినట్లే. గురువుగారి చెయ్యి తగలకముందే తాను దొర్లిపోయే శిష్యుడు గురువుకే అన్యాయం చేసినవాడవుతాడు. అదే విధంగా, ఏ పట్టు రాబోతుందో ముందే తెలుసు గనుక దాన్ని కుదరనీయకుండా బిగుసుకొని నిలబడడం కూడా తప్పే. అది బలం కాదు, మొండితనం. మంచి ఉకె ఈ రెంటి మధ్య నడుస్తాడు. నిజంగా మీదికి వస్తాడు. నిజంగా తూలినప్పుడే పడతాడు.

మన కాలేజీల్లో విద్యార్థినులకు అప్పుడప్పుడు పది రోజులు, పదిహేను రోజులు ఆత్మరక్షణ తరగతులు పెడుతున్నారు. మంచి పనే. అయితే అక్కడ చెయ్యి పట్టుకొనే జోడీ, ఇట్లా తాకగానే అట్లా వదిలివేస్తే, ఆ అమ్మాయికి కలిగిన ధైర్యం బస్టాండు దాకా కూడా రాదు. మొదట మెల్లగా పట్టుకోవాలి. పట్టు విడిపించుకొనే దారి తెలిసిన తర్వాత కొంచెం గట్టిగా పట్టుకోవాలి. చివరకు నిజంగా పట్టుకోవాలి. నమ్మకం కలిగించేది అదే.

మెట్టు మీద మెట్టు

మెల్లగా మొదలుపెట్టి నిజం దాకా పోయే ఈ దారిని జపాను విద్యల్లో మెట్లుగా కట్టినారు. కరాటేలో "గొహొన్ కుమితె" అనే సాధన చూడండి. కొట్టేవాడు ముఖానికా, కడుపుకా అని ముందే పైకి చెప్పి, అయిదు అడుగులు ముందుకు వేస్తూ అయిదుసార్లు కొడతాడు. కాచుకొనేవాడు అయిదు అడుగులు వెనక్కు వేస్తూ కాచి, అయిదోదాని తర్వాత ఒక్క ఎదురుదెబ్బ తీస్తాడు. తర్వాత ఆ అయిదు మూడవుతాయి. మూడు ఒకటవుతుంది. ఆ తర్వాతనే ఏ దెబ్బ వస్తుందో చెప్పకుండా కొట్టడం.

జూడోలో కూడా అంతే. మొదట పడవేయకుండా, పట్టులోకి దూరి మళ్ళీ వెనక్కు రావడం వందలసార్లు చేస్తారు. జోడీ స్తంభం మాదిరి నిలబడి ఒళ్ళు అప్పగించాలి. తర్వాత కదులుతూ, ముందే చెప్పుకొని పడవేయడం. ఆ తర్వాత "రందొరి" అనే స్వేచ్ఛా సాధన. రందొరిలో తోరి ఎవరో, ఉకె ఎవరో ముందుగా నిర్ణయం ఉండదు. క్షణక్షణానికి పాత్రలు మారుతుంటాయి. పోటీ అన్నిటికంటే చివరిది. మనవాళ్ళు చేసే పొరపాటు ఏమంటే, పోటీని టీవీలో చూసి మొదటి రోజే అక్కడినుంచి ప్రారంభించాలనుకోవడం.

జోడీ ధర్మం తప్పితే

ఇదంతా మర్యాద కోసం చెప్పే మాటలని ఎవరైనా అనుకొంటే, వాళ్ళు జపానులోనే జరిగిన ఒక విషాదాన్ని తెలుసుకోవాలి. అక్కడి పాఠశాలల్లో జూడో సాధన చేస్తూ 1983 నుంచి 2011 వరకు నూటపది మందికి పైగా పిల్లలు చనిపోయినారు. ఉచిదా ర్యో అనే విద్యాశాస్త్ర పరిశోధకుడు పాత రికార్డులు తిరగేసి ఈ లెక్క తీసినాడు. చనిపోయినవాళ్ళలో మిడిల్ స్కూల్లో, హైస్కూల్లో మొదటి సంవత్సరం పిల్లలే ఎక్కువ. చాలామందికి తలలో రక్తస్రావమే కారణం. ఎదుటివాని కాలును వెనుకనుంచి ఊడ్చి వెల్లకిలా పడవేసే "ఓసోతొగారి" అనే పట్టు ఈ ప్రమాదాల్లో ఎక్కువసార్లు కనబడింది.

ఆ పట్టు పుస్తకంలో మొదటి పాఠాల్లోనే ఉంటుంది, చూడడానికి తేలికైనది. కానీ పడడం ఇంకా ఒంటబట్టని కొత్త పిల్లవానిని, బరువూ అనుభవమూ ఎక్కువున్న పెద్దవాడు చెయ్యి పైకి లాగకుండా విసిరితే తల నేరుగా నేలకు తగులుతుంది. అలసిపోయి మెడ నిలపలేని స్థితిలో ఉన్నవానికి అపాయం ఇంకా ఎక్కువ. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లిదండ్రులు సంఘంగా ఏర్పడి అడిగినారు. 2012లో మిడిల్ స్కూళ్ళలో యుద్ధవిద్యలు తప్పనిసరి పాఠం అయినప్పుడు ఈ చర్చ దేశమంతటా వ్యాపించింది. బోధకులకు జాగ్రత్తలు నేర్పినారు, కొత్తవాళ్ళకు ప్రమాదమైన పట్లు వాయిదా వేసినారు. ఆ తర్వాత మరణాలు బాగా తగ్గినాయి. విద్య మారలేదు. జోడీ ధర్మం మళ్ళీ గుర్తుకు వచ్చిందంతే.

మన నేల మీద

జూడో భారతదేశానికి వచ్చి నూరేళ్ళు దాటింది. రవీంద్రనాథ్ ఠాగూరు శాంతినికేతనంలో 1905లోనే సానో జిన్నోసుకే అనే జపాను బోధకుడు ఈ విద్య నేర్పినాడు. మళ్ళీ 1929లో ఠాగూరు ఆహ్వానం మీద తకగాకి షింజో వచ్చినాడు. ఆయన దగ్గర ఆడపిల్లలు కూడా నేర్చుకొన్నారు. కవి నడిపే విద్యాలయంలో కుస్తీ విద్య ఏమిటని అనుకోనక్కరలేదు. ఎదుటివానికి హాని చేయకుండా తన బలం తెలుసుకోవడం చదువులో భాగమే అని ఆ ఏర్పాటే చెబుతుంది.

మన దగ్గరా ఇటువంటి విద్య లేకపోలేదు. తాలింఖానాలో మెత్తగా తవ్విన ఎర్రమన్ను మీద ఉస్తాదు కుర్రవానికి ఒళ్ళు అప్పగించి, "పట్టు, ఇట్లా పట్టు" అని తన మీదనే పట్టు వేయించుకొంటాడు. కోలాటంలో కోపు తప్పకుండా అవతలివాని కర్రకు తన కర్ర అందించకపోతే ఆట చెడిపోతుంది, వేళ్ళకు దెబ్బ తగులుతుంది. కర్రసాములో కొట్టేవాడూ కాచేవాడూ లెక్క ప్రకారం అడుగు వేస్తారు.

అదే కర్ర కర్నూలు జిల్లాలోనే ఇంకొకచోట ఇంకొక విధంగా లేస్తుంది. హొళగుంద మండలం దేవరగట్టులో విజయదశమి రాత్రి మాళమల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవం జరుగుతుంది. ఉత్సవ విగ్రహాల కోసం నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామాల వాళ్ళు ఒకవైపు, చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు ఇంకొకవైపు కాగడాల వెలుగులో కర్రలతో తలపడతారు. ఏటేటా తలలు పగులుతాయి. కొన్నేళ్ళు ప్రాణాలు కూడా పోయినాయి. పోలీసులు వస్తారు, వైద్యశిబిరం పెడతారు. భక్తిని ఎవరూ తప్పుపట్టలేరు. కానీ కోలాటం కర్రకూ, ఆ రాత్రి కర్రకూ తేడా కర్రలో లేదు. అవతల నిలబడినవాడు నా జోడీ అనే ఎరుక ఒకచోట ఉంది, ఒకచోట లేదు.

మన సీమలో కింద పడితే పరువు పోతుందనే మాట పిల్లప్పటి నుంచీ చెవిన పడుతూనే ఉంటుంది. ఆ పరువు కోసమే ఊళ్ళు రెండుగా చీలినాయి, ఇండ్లల్లో దీపాలు ఆరినాయి. పడడం తెలియనివానికి ఓర్చుకోవడం తెలియదు. మెత్తగా పడి, నవ్వుతూ లేచి, జోడీకి వంగి నమస్కారం చేసినవానికి పరువు ఎక్కడ పోయింది?

సాధన చేసేవారికి కొన్ని సూచనలు

1. మొదటి నెలంతా పడడమే నేర్చుకోవాలి. తొందర పెట్టే బోధకుని దగ్గర చేరకూడదు.

2. సిమెంటు గచ్చు మీద, గట్టి మొరం నేల మీద ఎత్తివేతలు చేయరాదు. చాపలు లేకపోతే అడుగుల సాధనతో ఆపాలి.

3. బరువులో, అనుభవంలో చాలా తేడా ఉన్న జోడీలో పెద్దవాడే ఎక్కువసార్లు పడాలి.

4. పాత్రలు లెక్కగా మార్చుకోవాలి. ఎప్పుడూ ఒకడే కొట్టి, ఒకడే పడితే అది సాధన కాదు.

5. తట్టగానే వదలాలి. తట్టినవానిని ఎగతాళి చేయరాదు.

6. తల తగిలినవానిని ఆ రోజు మళ్ళీ చాప ఎక్కనీయకూడదు. తలనొప్పి, వాంతి, మగత కనబడితే వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

చివరి మాట

విద్యార్థి మిత్రులారా! ప్రతి ఏడూ మన కాలేజీలకు ఆదోని నుంచి, ఆలూరు నుంచి, రాయచోటి నుంచి, పులివెందుల నుంచి కొత్త పిల్లలు ట్రంకు పెట్టెలతో దిగుతారు. వాళ్ళు మొదటి సంవత్సరం వాళ్ళు, ఇంకా పడడం తెలియనివాళ్ళు. జపాను పాఠశాలల్లో ఎక్కువగా దెబ్బతిన్నది అటువంటివాళ్ళే. ర్యాగింగును నిషేధిస్తూ మన రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది. అయితే చట్టం చెయ్యి పట్టుకొని ఆపగలదే గానీ, ఆ చేత్తో ఏమి చేయాలో నేర్పలేదు. అది నేర్పేది ఉచిదాచి ధర్మం.

"అన్నా, నేను పడితే అందరూ నవ్వుతారు గదా?" అని జూనియరు అడుగుతాడు. "నవ్వనీలేప్పా. ముందు నేను పడతా, నువ్వు చూడు. ఆ తర్వాత నన్ను పడెయ్" అని సీనియరు చెప్పాలి. ఆటస్థలంలోనే కాదు, హాస్టల్లో, లైబ్రరీలో, ఉపన్యాస వేదిక మీద, సంఘం ఎన్నికల్లో కూడా పెద్దవాని పని ఇదే. తెలిసిన దెబ్బను నిజాయితీగా చూపించి, చిన్నవానిని గెలవనిచ్చి, లేచి దుమ్ము దులుపుకొని పక్కకు జరగడం. అట్లా గెలిచిన చిన్నవాడు రెండేళ్ళకు తాను సీనియరు అయినప్పుడు, ఇంకొక కొత్త పిల్లవాని ఎదుట తానే పడడానికి సిద్ధంగా నిలబడతాడు.